ఇంకా లోతుగా

గైడు గారి ఇల్లు, మధ్యాహ్నం. ఆయన భార్యా, ఆయన దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయీ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు.

“ఆ కొస గట్టిగా పట్టుకో అమ్మాయ్, దుప్పటి నేలకి తగులుతోంది.”

“పట్టుకున్నాను మేడం. సార్ లేచారా?”

“లేదు, పడుకున్నారు. మధ్యకి మడువు. ఊఁ, తర్వాత? నువ్వు చేరిన కొత్తలో ఆ కుళాయి దగ్గర ఆడవాళ్ళు తిట్టారా లేదా?”

“ఎక్కడ మేడం! రికార్డరు పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. ‘ఊరికే ఎలా తిడతామమ్మా, కోపం రావాలిగా’ అన్నారు. ఒకావిడైతే మంచినీళ్ళిచ్చి, ‘చదువుకునే పిల్లవి, చల్లగా ఉండు’ అని దీవించింది కూడా.”

“అయ్యో! తిట్ల మీద పరిశోధనకి వెళ్తే దీవెనలా?”

“అందుకే ఆవిడ బిందె తన్నేశాను.”

“తన్నేశావా?”

“నిండు బిందె. ఇరవై నిమిషాల్లో రెండో అధ్యాయం మొత్తం వచ్చేసింది. చచ్చిపోయిన మా తాతని కూడా వదల్లేదు.”

“నవ్వించకు, దుప్పటి జారిపోతోంది.”

“మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వట్లేదు మేడం. మీ అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే మా అమ్మ ‘భాష’ అని ఊరుకుంటుంది. మా వదినేమో, తిట్లు నేర్చుకోడానికి ఎనిమిదేళ్ళెందుకు, మా అత్తగారి పక్కన ఒక వారం కూర్చుంటే చాలదా అంటుంది.”

“ఆ దిండు గలీబులు ఇలా ఇవ్వు.”

“ఇదిగోండి. మేడం, ఇవాళే ఆఖరు. ఐదింటికి ఆఫీసు మూసేలోపు ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఎనిమిదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. సార్ సంతకం ఒక్కటే కావాలి. ఎడమచేత్తో పెట్టినా చాలన్నారు ఆఫీసువాళ్ళు.”

“చూద్దాంలే. నాలుగో అధ్యాయం సరిచేశావా?”

“మళ్ళీ ‘ఇంకా లోతుగా’ అని రాశారు కదా! మూడోదాన్ని అలాగే నాలుగుసార్లు తవ్వాను. ఇంకా తవ్వితే నీళ్ళు పడతాయి మేడం.”

“ఆయన పద్ధతి అంతే.”

“కోపంతో అనట్లేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినా, ఎడమచేత్తో వంకరటింకరగా ప్రతి పేజీ దిద్దుతున్నారు. వేరే గైడుని చూసుకోమని ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు చెప్పారో! అలాంటి మనిషిని వదిలి ఎలా పోతానన్నాను. డాక్టరేటు చేతికి రాక లెక్చరర్ ఉద్యోగం చెయ్యి జారిపోయినా ఆ మాటే అన్నాను.”

“ఈ చొక్కా ఇంకా తడిగా ఉన్నట్టుందే.”

“ఆరింది మేడం. ఒకటి అడగనా?”

“అడుగు.”

“‘గొడ్రాలు’ అన్న మాటని నేను కోపంలో అనే తిట్లలో వేశాను. అది కొట్టేసి పక్కన రాశారు: ‘కోపంలో అనరు. నవ్వుతూనే అంటారు. ఒళ్ళో ఉన్న పసిబిడ్డని వెనక్కి తీసుకుంటూ అంటారు.’”

“ఊఁ.”

“సార్‌కి ఎలా తెలుసు మేడం?”

“అంత చదివినాయన. తెలీదా ఏంటి?”

“మగవాళ్ళ ముందు ఆ మాట అలా అనరు కదా. అంతమంది ఆడవాళ్ళని అడిగాను. నాకే ఎవరూ చెప్పలేదు.”

“ఆ తువ్వాళ్ళు...”

“తువ్వాళ్ళు ఎప్పుడో మడిచేశాను. ఆ రాత ఎవరిది మేడం?”

“ఎవరిదేంటి?”

“మేడం...”

“నాదే.”

“ఆ ఒక్కటేనా?”

“అన్నీ. ఆయనకి రెండేళ్ళుగా అక్షరం ఆనట్లేదు. కొన్ని రోజులు నేనెవరో కూడా తెలీదు.”

“అందుకేనా, ఎప్పుడొచ్చినా పడుకున్నారనేవారు! మరి ‘ఇంకా లోతుగా’?”

“అదీ నేనే. ఏం రాయాలో తోచనప్పుడల్లా అదే రాసేదాన్ని. అందరి కాగితాల మీదా ఆయన అదే రాసేవారు. ఆయనకీ తోచేది కాదేమో.”

“నవ్వు రావట్లేదు మేడం.”

“నీకు అనుమానం రాకూడదని ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను. వేళ్ళు నొప్పులు పుట్టేవి. కానీ నీ పేజీలు చదువుతుంటే, ఇన్నాళ్ళకి ఎవరో నన్ను కూర్చోబెట్టి ‘నిన్ను ఏమన్నారు’ అని అడిగినట్టుండేది. అందుకే రాశాను, ఆ మాట దగ్గర. ఆగలేకపోయాను.”

“ఇప్పుడు సంతకం ఎవరు పెడతారు? మూడు దాటింది. చెప్పండి మేడం, ఎవరు పెడతారు?”

“ఉండు, బీరువా తియ్యనీ. ఇదిగో, ఈ కవరు.”

“ఏంటిది? ఇది సార్ పాత సంతకం! కుడిచేతిది. ‘పూర్తిగా చదివాను. సమర్పించవచ్చు.’ తేదీ... మేడం, ఇది ఆయన పడిపోకముందుది.”

“ముందురోజుది. ఎంత సంతోషించారో! పొద్దున్నే నీకు ఫోన్ చేస్తానన్నారు. పొద్దున లేవలేదు.”

“అంటే నాది అప్పుడే అయిపోయింది. రెండేళ్ళ కిందటే.”

“అయిపోయింది.”

“ఆ ఉద్యోగం పడక ముందే.”

“ముందే.”

“మరి నాకెందుకు ఇవ్వలేదు?”

“ఇద్దామనే తీశాను తల్లీ. ఆ వారం నువ్వు చూడ్డానికి వచ్చావు. చుట్టాలందరూ గుమ్మంలోనే పలకరించి పోయారు. నువ్వు మాత్రం నేను రెండు ముద్దలు తినేదాకా నా పక్కనుంచి కదల్లేదు. లేస్తూ, ‘ఈ అధ్యాయం మళ్ళీ సరిచేశాను, సార్‌కి ఇవ్వండి, మంగళవారం వచ్చి తీసుకుంటా’ అన్నావు. అప్పుడు కవరు నా చేతిలోనే ఉంది. కొంగు కింద పెట్టుకున్నాను. ఇచ్చేస్తే మంగళవారం ఎందుకొస్తావు? ఒక్క మంగళవారం చాలనుకున్నాను. ఆ తర్వాత ఇంకొక్కటి అనుకున్నాను... అమ్మాయ్, చెప్పులేసుకుంటున్నావా? కవరు తీసుకున్నావుగా, పరవాలేదు, టైముంది. ఐదింటిలోపు అందుతుంది. తలుపు తర్వాత వేసుకుంటాలే... అలా వెళ్ళకు. ఊరూరూ తిరిగి అన్ని తిట్లు పోగేశావు కదా. ఒక్కటి, ఒక్కటైనా తిట్టి వెళ్ళమ్మా!”