మా మామ ఎద్దుల కాడి

తీసుకో నవ్యా, మా ఇంట్లోనే బాడుగకుండేదానివి, మొగమాటం యాల? ఇన్ని వంకాయలు మేమిద్దరం ముసలోళ్లం ఏం తింటాము. ఎవరు నేర్పించిరి ఈ తోటపని అంటావా? ఇంగెవరు, మా మామ. పెద్దమునియప్ప. ఆయనుండేటప్పుడు నోటితో పేరు చెప్పిండ్లేదు, కోడలు చెప్పకూడదు గదా. ఈ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుటంతా, నువ్వు బస్సెక్కే తావు గూడ, చేన్లే అప్పుడు, బెంగళూరు ఇంత దూరం రాకముందు. మా మామవి నాలుగెకరాలు. సర్కారు తీసుకోని లేఅవుటు చేసె, మామ ఎద్దులనమ్మె, మాకు ఇల్లు కట్టుకునే ఈ సైటు మిగిలె. ఇంటెనక ఇంత నేల. దాంట్లోనే వంకాయ, గోరుచిక్కుడు, దంటుకూర, సరిగ్గా ఉగాదికి కాపుకొచ్చేటట్ల వేస్తా ఉండె. ఉగాది పొద్దున తొలి కోత చేటలో పోసి సేద్యం సామాన్లకు పెట్టల్ల, అది వాళ్ల పద్ధతి. నాగలి, గొర్రు, కాడి అన్నీ దాచిపెట్టుకోనుండె. కాడంటే ఎద్దుల మెడమింద వేసే మానమ్మా. రోజూ గుడ్డతో తుడిచేది. ఒగసారి మా ఇంటాయన నాగలి మింద లుంగీ ఆరేసె. నెల దినాలు మాట్లాడలా! కన్నకొడుకుతో!

తొంభై నాలుగో, తొంభై ఐదో, ఉగాది. ఇంటిల్లిపాదికీ తలకు నూనె పెట్టి నీళ్లు కాంచల్ల. గ్యాసెక్కడిది అప్పుడు, ఉండేది నీళ్లు పోసుకునే బచ్చలింట్లో రాగి హండా, కింద కట్టెల పొయ్యి. తెల్లారకముందే లేచినా. చూస్తే కట్టెలు నాలుగే. గోడకు ఆనించి ఒగ పొడుగు మాను కనపడె. ముందురోజు మా ఇంటాయన తెచ్చినాడేమో అనుకోని ఒగ కొన పొయ్యిలోకి తోసినా. కాలేకొద్దీ తోస్తా పోయినా. సగం కాలినాక చూస్తే మానుకు చిల్లు. ఇంగో పక్క ఇంగో చిల్లు. అయ్యో దేవుడా, కాడి! పూజకని మా మామే కడిగి ఆరబెట్టిండె. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అంతలో బయట్నుంచి, “శాంతమ్మా, నీళ్లు కాగెనా?” అని మా మామ గొంతు. మిగిలింది గూడ లోపలికి తోసేస్తినమ్మా. ఆయన పోసుకోని వచ్చి ఏమన్నాడో తెలుసునా? “ఈ పొద్దు నీళ్లు బలే ఉండాయి, ఒళ్లు నొప్పులన్నీ పోయె!” పుట్టింటికి పంపిస్తాడు, అది ఖాయం అనుకుంటి. చంకలో ఆరు నెలల బిడ్డ.

పూజకు కూచునె. చేట నిండా కాయలు. “కాడేదిరా?” మా ఇంటాయన పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషను తిప్పే మనిషి, తెలివి అంతంతే, “కుక్క ఎత్తుకపోయుంటాది” అనె. “ఆరడుగుల కాడి కుక్క ఎత్తుకపోతాదా రా?” ఇంగ నాకు తాళలేదు. కాళ్లమింద పడి చెప్పేస్తి. లేచి బచ్చలింట్లోకి పోయె. బూడిదంతా ఎత్తుకోనొచ్చి వంకాయ మొక్కలకు చల్లె. చల్లినాక నాపక్క తిరిగి, “ఎద్దులు లేవు, నేల లేదు. దాన్ని తుడిచేటప్పుడంతా ఆ ఎద్దులే కండ్ల ముందర నిలబడె. పారేసేకి చేతులు రాలేదు శాంతమ్మా. ఆ పని నువ్వు చేసినావు. ఇంగ లే, ఒబ్బట్లు వెయ్యి” అనె. నేను ఏడ్చినా చూడు, బిడ్డ బెదిరిపోయె. అంత భయమూ కండ్లలోనే కారిపోయె. ఆయనేమో ఆరు ఒబ్బట్లు తినె. చెయ్యి కడుక్కుంటా మెల్లగా, “వచ్చే ఏడు కట్టెలు తక్కువైతే నాగలి గూడ పొయ్యిలో పెట్టేసెయ్యి. నన్నడగొద్దు, అడిగితే వద్దంటాను” అనె.

ఇంగ తొమ్మిదేండ్లు బతికినాడు. ఆయనుండేదాకా మా ఇంట్లో కట్టెలు తక్కువ కానీలేదు నేను.

... మోటరాపు పో నవ్యా, ట్యాంకు నిండి పొర్లుతా ఉండాది.