కిర్రు చెప్పులు

హలో… హలో! ఆ, నేనే బావా, మల్లేశాన్ని! ఇబ్రహీంపట్నంకెళ్ళి!

…ఆ, మిల్లు ఫోన్ల మాట్లాడుతున్న. సేటు లేడు, మునీమును బతిమిలాడిన. ట్రంకాలు దొరికేవరకు పానం పోయింది. గట్టిగ మాట్లాడు, ఈడ బియ్యం మిషిని నడుస్తుంది.

…మంచిగనే ఉన్నం. అక్క మంచిగున్నదా?… సరే, ఇగ ఇను. రేపు పగటాటకు నీ టాకీసుల రెండు సీట్లు పెట్టు. అమ్మను తోల్కొస్తున్న.

…అవ్, మా అమ్మనే. నీ అత్త, పోశమ్మ. ఏ అమ్మ అనుకున్నవ్ మరి?

…నవ్వకు. సినిమా పేరెత్తితే చీపురు తీస్తదని నాకెరుకలేదా? అయినా తోల్కొస్తున్న. తమ్ముడు ఎల్లడు పోయినకాడికెళ్ళి మనిషి గడప దాటుతలేదు బావా. ఇయ్యాల్ల మోకాళ్ళ మందుకని దవాఖానకు గుంజుకొచ్చిన, ఇగో, బైట బస్తాల మీద కూసున్నది.

…ఇనదులే. ఈ మిషిని సప్పుడుకు నా మాట నాకే ఇనవడ్తలేదు.

…అవ్ బావా. దినాలకు నువ్వు గూడ ఉంటివి గదా. పోలీసు పటేలు వచ్చి, గుట్టల్ల కాల్పులైనయి, సంగపోళ్ళ దళం ఖతమైంది, మీ ఎల్లడు గూడ పోయిండు అని నిలవడి చెప్పి పాయె. శవం లేదు, బూడిద లేదు. ఉట్టి చేతులతోని తమ్మునికి పిండం పెడితి. వాని వల దానమిచ్చింది, గొంగడి ఇచ్చింది. ఆ కిర్రు చెప్పులు మాత్రం ఇయ్యలే మా అమ్మ. సూర్ల చెక్కి పెట్టుకున్నది.

…అవ్, గవే. పెండ్లికి కుట్టిచ్చినయి. నడిస్తే ఊరంత ఇనవడ్తయని ఇడిసిపెట్టి, ఉట్టి కాళ్ళతోని దళంలకు పాయె గదా వాడు.

…గందుకేరా బావా, జర మనసు మళ్ళుతదని తోల్కొస్తున్న. ఇగ సీట్లు పెట్టు, అయిపాయె.

…దేవుని బొమ్మకా? మీ ఎదురు టాకీసుల ఆడుతున్నదా? థూ! దానికి తోల్కపోతే ఉన్న భక్తి గూడ పోతది మా అమ్మకు.

…సూసిననయ్యా! మిల్లు లారీ పట్నం వచ్చినప్పుడల్ల నేను సూడని బొమ్మున్నదా? పాలసముద్రం మీద దేవుడు పండుకున్నడు. సముద్రం అంటే ఏందో ఎరికేనా? తెల్ల దుప్పటి! అటొకడు ఇటొకడు పట్టుకొని ఊపుతున్నరు. ఒకని బొటనేలు గూడ కనవడ్డది. నేను చెరువుల పుట్టి చేపలు వట్టి బతికినోన్ని బావా, నాకు నీళ్ళు సూపిస్తడా వాడు? ఇగ ఆ దేవుడు మాట్లాడితే, వకీలు కచేరీల మాట్లాడినట్టే. ఒక్క ముక్క సమజైతే ఒట్టు. మా మిల్లు ఎంకయ్యైతే, "ఈ దేవుడు మనోడు గాదురా, బెజవాడ దిక్కోడు," అని తువ్వాల కప్పుకొని పండుకున్నడు.

…ఏది, రైతు బొమ్మా? దాని పేరెత్తకు! నా నోట్లకెళ్ళి బూతులొస్తయి, పక్కన మునీమున్నడు.

…మంచిగున్నదా? ఎవడన్నడు? దున్నుతున్నడు బావా, దోతి చూస్తే మల్లెపువ్వు! ఒక్క బురద చుక్క లేదు. నాగలి పట్టుకున్నడో, పెండ్లి పందిరి గుంజ పట్టుకున్నడో. ఎద్దులు గూడ సిగ్గుపడి తల దించుకున్నయి. సరే, గది పోనీ. ఆ దొర ఉన్నడే… బిడ్డ ఏడ్చుకుంట ఒక పాట పాడంగనే కండ్లు తుడుచుకొని ఉన్న భూములన్ని పంచిండు. ఒక్క పాటకు! మనం గడీ ముంగట ఎన్ని పాటలు పాడితిమి? మన దొర ఇన్నడా? రాత్రికి రాత్రి పట్నం ఉరికిండు. యూనియన్ మిలట్రి రాంగనే వాళ్ళ ఎనకాల దొరబాబు లెక్క దిగిండు. సంగం పంచిన భూములల్ల మల్ల హద్దురాళ్ళు పాతిపిచ్చిండు. ఆ కథ రాసినోన్ని ఒక్క దినం మా ఊర్ల ఉంచాలె, సిగ్గొస్తది.

…ఆ, ఎక్స్‌చేంజి అమ్మా, అయిపోలే, ఇంక అయిపోలే. జర ఉండు తల్లీ.

…నీ టాకీసుల ఆడే బొమ్మ మంచిదని నేనంటినా? గంత చెత్త బొమ్మ నా జిందగీల సూడలే! నువ్వు టికిట్ల కిటికీల కూసునేటోడివి, లోపట ఏమాడుతుందో నీకేమెరుక?

…నేను చెప్త ఇను. మంత్రగాడు నవ్వితే గడ్డం ఊడొస్తది, చేతితోని వట్టుకొని నవ్వుతడు. రాజు కొడుకును కత్తితోని పొడుస్తరు. కత్తి సంకల ఇరికిచ్చుకున్నడు, లాస్టు బెంచీల కూసున్నోనికి గూడ కనవడ్తది. ఇగ తల్లి ఏడుస్తది. ఏం ఏడుపది? కొప్పు చెదరలే, బొట్టు కరగలే! కొడుకు పోయిన తల్లి గట్లనా ఏడిసేది? మా ఇంటికొచ్చి సూడమను. అప్పుడేమో ఒక చిలుక ముక్కుల నీళ్ళు తెచ్చి చుక్క ఇడుస్తది. లేసి కూసుంటడు! లేసినోడు మంచినీళ్ళన్న అడగడా? లేసుడు లేసుడే పాట! జనమేమో ఈలలు. సచ్చినోడు లేసొస్తడా బావా? ఎవలకు చెప్తరు గీ కథలు?

…ఎవడు చెప్పిండు నీకు? గేటు కాడ సైదులు చెప్పిండా? వానికేం పనిలేదా, ఎవడు ఎన్నిసార్లొచ్చిండని లెక్కవెట్టుడేనా?

…అవ్, సూసిన. మల్ల సూసిన. నిన్న గూడ సూసిన, ఏమాయె ఇప్పుడు?

…ఆ రాజకుమారి మీద మనసా? నా మొకానికి! ఆమె నడిస్తే నగలు నడిసినట్టున్నది గని మనిషి నడిసినట్టున్నదా? ఏదో… ఊకనే సూసిన. నువ్వు సీట్లు పెట్టు బావా, అంతే.

…ఏంది? ఇనవడ్తలేదు. రేపేంది?… మునీమూ, నీకు దండం పెడ్త, జర మిషిని ఆపియ్యవా? ఒక్క గడియ… ఆ. ఇగ చెప్పు బావా.

…మారుస్తున్నరా? రేపటి సంది కొత్త బొమ్మా?

…లే. లే బావా. మార్చొద్దు.

…అవ్, చెత్తదే! నేనే అన్న. అయినా మార్చొద్దు.

…నవ్వకు బావా. నీ బిడ్డ మీద ఒట్టు, నవ్వకు. నేను చెప్పేది ఇను.

అసలు బొమ్మ గాదు. దాని ముంగట ఏస్తరే, సర్కారు వార్తల బొమ్మ. అది షురూ గాంగనే బీడీకని, చాయ్‌కని అందరం బైటికి ఎల్తం గదా. అబద్దాల బొమ్మ, ఎవడు సూస్తడు? ఆ దినం బైట వాన దంచుతుంది. పోలేక లోపటనే కూసోని బీడీ అంటిస్తున్న. కట్టలు సూపిచ్చిండు, పంటలు సూపిచ్చిండు. ఇగ పట్టుబడ్డ సంగపోళ్ళను బేడీలేసి జైలు గేటు కాడ వరుసగ నడిపిస్తున్నరు. అండ్ల ఒకడు… ఎడమ బుజం కిందికి దిగేసి నడుస్తున్నడు. తడి వల మోసి మోసి ఒంగిన బుజం.

…ఎల్లడు బావా. మన ఎల్లడు.

…అగ్గిపుల్ల ఏళ్ళ దాంక కాలింది, నాకు తెల్వనే తెల్వలే.

…మొకం సూపియ్యలే. గందుకే మల్ల మల్ల పోయిన. వార్తలు కాంగనే లేసి రావొచ్చు, కాళ్ళు లేవలే. ఆ మంత్రగాన్ని, ఆ చిలుకను, అంత గట్లనే కూసోని సూసిన.

…ఎప్పుడు తీసిన్రో నాకేమెరుక! గదే నా బాద. కాల్పులైనంక తీసిందైతే, పటేలు చెప్పింది అబద్దం, వాడున్నడు. ముందుగాల తీసిందైతే… పట్టుకపోయి కాల్చిన్రన్నట్టు. అసలు వాడేనో కాదో గూడ… నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు బావా. ఆమె సూస్తే చెప్తది. కన్నది గదా.

…చెప్పలే. ఎట్ల చెప్పాలె? సినిమాకు పోదమన్న, అంతే. వాని పెండ్లాం నర్సింహమ్మకు గూడ చెప్పలే. గాజులు పలగ్గొట్టినం ఆ పిల్లకు, ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని నీ మొగడు బొమ్మల నడుస్తున్నడని చెప్పాలె?

…రీళ్ళ డబ్బాలు రైలు స్టేషనుకు పోయినయా?… పోలే? నీ బాంచెను బావా, ఆ సర్కారు రీలు ఒక్కటి ఆపు. అసలు బొమ్మను తీస్కపోయి మూసీల ఏసినా నాకేం లేదు! మిషిని తిప్పే అమరేందర్ నీ మాట ఇంటడు గదా. కొత్త బొమ్మ ముంగట గా పాత వార్తలే ఏయమను. ఎవడు పట్టుకుంటడు? అందరు చాయ్ తాగుతుంటరు.

…ఏస్తడా? నిజంగ?… నీ కాళ్ళు మొక్కుత బావా.

ఉండు… అమ్మా? ఎప్పుడొచ్చి నిలవడ్డవే?

…బావా, మిషిని బందువెట్టిచ్చింది యాదికే లేదు. అంత ఇన్నది.

…ఏడుస్తలేదు. నా దిక్కే సూస్తుంది. బొమ్మల వాని కాళ్ళకు చెప్పులున్నయా అని అడుగుతుంది.

చెప్పులు లేవమ్మా. ఉట్టి కాళ్ళే.

…ఏంది? సూర్ల చెప్పులు తెస్తవా? అమ్మా, అది బొమ్మనే! తెర మీద బొమ్మకు చెప్పులెట్ల తొడుగుతవే?

…తిడుతుంది బావా నన్ను. బొమ్మ అని నాకెరుకలేదా, నేనేమన్న ఎర్రిదాన్నా అంటుంది. వాడేనని కండ్లార సూసి, ఆడికెళ్ళి సీద జైలు కాడికి పోదమంటుంది. ఉన్నడో లేడో ఆ గేటోళ్ళే చెప్పాలెనట. చెప్పేదాంక చెప్పులు ఒళ్ళె పెట్టుకొని ఆడనే కూసుంటదట.

…ఎక్స్‌చేంజి అమ్మా, ఒక్క మాట, ఒక్కటే మాట! బావా, సీట్లు రెండు గాదు, మూడు పెట్టు. నర్సింహమ్మను గూడ తోల్కరమ్మంటుంది అమ్మ. దాని మొగడు, దానికి చెప్పకుండ మనమెవ్వలం అంటుంది… హలో? బావా, ఇన్నవా?… హలో!