రాతను ఆఖరున చదివేవారు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జులై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం మన పురావస్తు ప్రదర్శనశాల పరిశీలన విభాగంలో సహాయకులుగా చేరిన ప్రధాన పరిశీలకులవారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన నాడే కుర్చీ చూపించి కూర్చోమంటే, "పర్లేదండీ, నిలబడే చూస్తాను" అన్నారట. కిటికీ దగ్గరి నుంచి బల్ల దగ్గరికి, బల్ల దగ్గరి నుంచి మళ్ళీ కిటికీ దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే వారి సర్వీసంతా గడిచిందంటే అతిశయోక్తి కాదు.

తొలినాళ్ళలో నాణేలు, పిదప శిల్పాలు, అటుపై శాసనాలు వారి చేతికి వచ్చాయి. విభాగాధిపతి అయ్యాక వారు నెలకొల్పిన నియమం ఒక్కటే: ఏ వస్తువు వచ్చినా ముందు దానిమీది రాతకు గుడ్డ కప్పాలి; అడుగు, అంచులు, వెనుక భాగం, కాలక్రమేణా పేరుకున్న పొర అన్నీ చూశాకనే ఆ గుడ్డ తీయాలి. "ముందే చదివామంటే అయిపోయాం. ఇక కళ్ళు దానికి సాక్ష్యమే వెతుకుతాయి" అనేవారు. ఈ ధోరణి వల్ల వారికి 'ఆగండి సారు' అన్న మారుపేరు స్థిరపడింది. వారు ఎవరి పక్షమూ కారు. ప్రభువు శిలువలోని ముక్క అంటూ ఒక చర్చివారు భక్తితో తెచ్చిన చెక్క అంత పాతది కాదని తేల్చినందుకు, అక్కడి పాస్టరుగారు చాలాకాలం వారు ఎదురుపడితే పెడమొహం పెట్టేవారు.

ఇక ఆ ఎముకల పెట్టె సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం అన్యాయం. మృతుల అస్థికలు దాచే పురాతనమైన రాతి పెట్టెను ఒక సేకర్త తెచ్చి, దానిమీద ప్రభువు పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయని, ఎముకలు మిగిలాయి కనుక ఆయన సమాధి నుంచి తిరిగి లేచారన్న పునరుత్థానం వట్టి కట్టుకథని టీవీలో ప్రకటించారు. మన డైరెక్టరుగారు కూడా ఉవ్విళ్ళూరారు. "ఇవాళ మనం నిజమేనని అనకపోతే రేపు ఇంకోళ్ళు అంటారండీ" అన్నారు. "అననివ్వండి సార్. ఆ కాలంలో వీధికొకరికి ఉన్న పేర్లవి. అసలు ఆ రాత ఎప్పటిదో ముందు చూడనివ్వండి" అన్నారు మనవారు.

డైరెక్టరుగారికి జవాబు చెప్పడం తేలికే. అక్కగారికి చెప్పడమే కష్టమైంది. తల్లి పోయాక వారిని పెంచి పెద్దచేసినది ఆవిడే. వారు చర్చి గడప తొక్కడం మానేసినా, ఆవిడ ప్రార్థన ఒక్కపూట తప్పలేదు. ఆ వారమే ఆవిడకు గుండె ఆపరేషన్.

"ఏరా, ఆ పెట్టె నీ దగ్గరే ఉందట కదా. టీవీవాళ్ళు చెప్పేది నిజమేనా?" అని ఫోనులో అడిగారు.

"ఇంకా తెలీదక్కా. చూస్తున్నాం."

"కత్తి కిందికి వెళ్తున్నానురా. అబద్ధమని ఒక్క మాట చెప్పు. నాకది చాలు."

"తెలీకుండా ఎలా చెప్పనక్కా?"

"అయితే ఆసుపత్రికి కూడా రాకు" అని ఆవిడ ఫోను పెట్టేశారు.

"ఆ ఒక్క మాట చెప్పేస్తే మీ సొమ్మేం పోయింది?" అని సతీమణి నిలదీశారు. "రేపు నిజమని తేలితే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నారు. రావద్దన్నా ఆసుపత్రికి వెళ్ళారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే ఆవిడ వారిని చూసి మొహం తిప్పుకున్నారు. ఆ తలుపు మూసుకున్నాక వరండాలో వారు పడిన యాతన వర్ణనాతీతం.

ఆపరేషన్ జయప్రదమైంది. పరీక్ష ఆ తరువాతే ముగిసింది: పెట్టె గోడలమీది పొర రాతితో ఏకమై గట్టిగా ఉంది, అక్షరాల గాట్లలోని పొర మాత్రం గోరువెచ్చని నీటికి సున్నపుపొడిలా కరిగిపోయింది. పెట్టె పాతది, రాత నిన్నమొన్నటిది. డైరెక్టరుగారికి కాగితం ఇవ్వకముందే మనవారు ఆసుపత్రికి పరుగెత్తారు.

"అది దొంగరాత అక్కా. తేలిపోయింది."

ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని, "నిజమని తేలుంటే అదీ వచ్చి చెప్పేవాడివా?" అన్నారు.

"చెప్పేవాణ్ణి."

"మరి నేను ఆ ఆపరేషన్ బల్లమీదే పోయుంటే ఏం చేసేవాడివిరా?"

"తెలీదక్కా" అన్నారు వారు.

ఆవిడ కుట్లమీద చెయ్యి అదుముకుని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. "ఇలా రారా" అని తమ్ముడి తల నిమిరారు.

ఆ ప్రశ్న వారిని నేటికీ కుదురుగా నిద్రపోనివ్వదని సతీమణి చెబుతారు. టీవీల్లో కొత్త సమాధులు బయటపడుతూనే ఉంటాయి, వాటి తంటాలు ఇకపై మేము పడతాం. ఈ విశ్రాంత జీవితంలో వారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని, ఆ అక్కగారూ నిండు నూరేళ్ళు చల్లగా ఉండి, ఆ ప్రశ్న వేసి తమ్ముణ్ణి ఇంకా చాలాకాలం వేధించాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది.