ట్యాంకర్ హారన్

పుట్టపర్తిలో ఆ పొద్దున ట్యాంకర్ నీళ్లు పట్టుకొచ్చిన భార్య, బిందె దించుతూనే భర్త మీద విరుచుకుపడింది.

“పక్కింట్లో బాడుగకుండే కెన్యా ఆయమ్మను ఇంటి ఓనరు కొడుకులు మొదట నలుపని ఎక్కిరించిరి. పోయిన నెల జుట్టు పట్టి ఈడ్చిరి. నిన్న సాయంత్రం చెయ్యి విరగ్గొట్టిరి!”

“ఆయమ్మ మనూరిదా, మన మనిషా? మనకెందుకే?”

“అంతసేపు అరిస్తే వీధిలో ఒక్క తలుపన్నా తెరిసినారా?”

“నాకేం వినపడలేదు.”

ఆమెకు ఒళ్లు మండింది.

“మూడు వీధులవతల ట్యాంకర్ హారన్ కొడితే నన్ను లేపింది నువ్వే కదా!”

ఆయన పేపర్లో తల దూర్చాడు.

“నేను విన్నా. విని టీవీ సౌండ్ పెంచినా. ఆ మాటే స్టేషన్లో చెప్పనీకి పోతాండా. మళ్లా హారన్ కొడితే బిందెలు నువ్వే ఎత్తుకోని పో.”