రెండో తాళం

(మధ్యాహ్నం. అన్నగారి పాత కారు షెడ్డు. ఎర్ర స్పోర్ట్స్ కారులో డ్యాష్‌బోర్డు కింద చూపు లేని అన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తెరిచిన తలుపు దగ్గర తమ్ముడు.)

“ఆ నాబులన్నీ పీకేయ్ అన్నయ్యా. ఇక వాటితో పని లేదు.”

“పీకడం ఎంతసేపు. ఇది ఏసీది. ఇది రేడియోది. దీనికోసం రెండు వారాలు పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఒకసారి తిప్పి చూడు, ఎంత మెత్తగా తిరుగుతుందో.”

“ఇప్పుడెవరు తిప్పుతారు? అంతా అద్దమే. వేలు ఆనిస్తే చాలు, కంప్యూటరే చూసుకుంటుంది.”

“వేలు ఆనిస్తే నాకేం తెలుస్తుందిరా? పలకలాగా నున్నగా ఉంది.”

“నీకెందుకు తెలియాలి? నువ్వేమన్నా నడుపుతావా? అబ్బ, ఊరికే అన్నాను. మొహం అలా పెట్టకు.”

“నా మొహం నాకెలాగూ కనబడదు, చూసేవాడివి నువ్వే. ఆ స్క్రూడ్రైవర్ ఇలా పడెయ్.”

“ఇదిగో. ముందు షాపులో చూపించాను తెలుసా? ఇద్దరు చూసి చేతులెత్తేశారు. ‘ఈ వైరింగ్ ఎవడు చేశాడండీ, రంగుకీ పనికీ సంబంధం లేదు’ అన్నారు.”

“రంగులు చూసి చేస్తే కదా. డ్యాష్‌బోర్డు కింద చీకట్లో రంగులెక్కడ కనబడతాయి? దారంతో ముళ్ళు వేశాను. ఒక ముడి హెడ్‌లైట్లు. రెండు ముళ్ళు స్పీకర్లు. తడిమి పట్టుకోవడమే. కళ్ళున్నప్పుడే గుడ్డివాడి పని నేర్చుకున్నాను చూశావా.”

“అందుకే నీ దగ్గరికి తెచ్చాను.”

“తెలుసులే. ఆరేళ్ళలో నాలుగుసార్లు వచ్చావు, నాలుగుసార్లూ ఏదో ఒక పని మీదే.”

“ఐదుసార్లు.”

“సరే, ఐదు. పాపకి చెప్పావా, వాళ్ళ నాన్నే బిగిస్తున్నాడని?”

“చెప్పాను, చెప్పాను.”

“ఏమంది?”

“ఏమంటుంది... సరే అంది.”

“సరే అంటే ఎలా అంది? విసుక్కుందా?”

“పని చూడన్నయ్యా. రేపటికి దానికి పద్దెనిమిది నిండుతాయి. బండి తాళం చేతిలో పెడతానని మాటిచ్చాను. ఈ టచ్‌స్క్రీన్ లేకపోతే ఎక్కనంటోంది.”

“వాళ్ళమ్మ పోయిన బండిరా ఇది. దీన్లోనే తిరుగుతానందా?”

“పిల్లలకి అవేం పట్టవు.”

“నాతో మాట్లాడకూడదన్నది మాత్రం పట్టింది.”

“అది వేరు. నువ్వు నడిపావు, వాళ్ళమ్మ పోయింది. దాని బాధ దానికుండదా? నేను ఎంత నచ్చజెప్పినా, ‘ఆయన గొంతు వినలేను బాబాయ్’ అంటుంది. పెంచుతున్నాను గానీ మనసు మార్చలేను కదా.”

“పని అయ్యాక దానికి ఫోన్ కలుపుతానన్నావు.”

“కలుపుతాను.”

“ఈ అద్దంలోంచే కలుపుతానన్నావు.”

“ఒట్టు. ముందు బిగించు.”

“ఒరేయ్... నువ్వు నా పక్క సీట్లోనే ఉన్నావు కదా. నేను బ్రేకు తొక్కానా?”

“మళ్ళీ మొదలెట్టావా?”

“నాకు గుర్తులేదురా. పెట్రోలు బంకులో దిగడం గుర్తుంది. మీ వదిన నీళ్ళ సీసా అడగడం గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి మంచమే. మధ్యలో ఏమీ లేదు.”

“మంచిదే కదా. నాలాగా గుర్తుంటే తెలిసేది.”

“తొక్కానా?”

“తొక్కలేదు. వంద సార్లు చెప్పాను. ఒళ్ళు తెలియకుండా తోలావు. వెనక సీట్లోంచి వదిన మెల్లగా, మెల్లగా అని అరుస్తూనే ఉంది. విన్నావా? పాప నిద్రలో ఉంది కాబట్టి సరిపోయింది. అదంతా చూసుంటే పిచ్చెక్కిపోయేది.”

“నిద్రపోవడం మంచిదైంది.”

“ఆ ఒక్కటే మంచి జరిగింది.”

“ఆఁ... ఇదేంటి? ఐదు ముళ్ళు. ఓర్నీ! దీన్ని పూర్తిగా మర్చిపోయాను. ఇంకా ఇక్కడే ఉంది.”

“ఏంటది?”

“పెట్టె. సబ్బుబిళ్ళంత ఉంటుంది.”

“ఏం పెట్టె? నాకెప్పుడూ చెప్పలేదే!”

“చెబితే ఇంకేముంది? నాకు తెలియకుండా బండి తీసుకెళ్ళి టైర్లు అరగదీసి తెచ్చేవాడివి. అడిగితే ‘నేనా? నాకేం తెలుసు’ అనేవాడివి. దొంగని పట్టుకుందామని పెట్టాను. రెండు తాళాలకీ రెండు అంకెలు. నాది ఒకటి, నీది రెండు. ఏ తాళంతో తోలారు, ఎంత వేగం, బ్రేకు తొక్కారా లేదా, అన్నీ రాసుకుంటుంది.”

“...అది ఎప్పుడో చచ్చుంటుంది. పీకి పారెయ్.”

“చావదు. నేను చేసింది అది. ఆ రోజు తర్వాత బండి రోడ్డెక్కలేదు కదా?”

“లారీ మీద తెచ్చాను, లారీ మీదే తీసుకెళ్ళి రేకు పని చేయించాను. పారెయ్ అన్నయ్యా, పొద్దుపోతోంది.”

“అయితే ఆఖరున రాసుకున్నది ఆ రోజుదే. ఒరేయ్, బ్రేకు సంగతి తెలిసిపోతుందిరా! ఉండు, నీ కంప్యూటర్‌కి కలుపుతాను.”

“తెలిసి ఏం చేస్తావు? కూర్చుని ఏడుస్తావు.”

“ఏడుస్తాను. ఇన్నాళ్ళూ తెలియక ఏడ్చాను, ఇకనుంచి తెలిసి ఏడుస్తాను. కలిపాను. స్విచ్ వెయ్. వేశావా? ఆఁ, అద్దం వెచ్చబడుతోంది. ఏం వచ్చింది?”

“భాష అడుగుతోంది.”

“మన భాషే పెట్టు. తర్వాత?”

“ఏవేవో అంకెలు.”

“ఆఖరి ప్రయాణం అని ఉంటుంది చూడు. చదువు.”

“ఉంది. తాళం ఒకటి. వేగం నూట నలభై. బ్రేకు తొక్కలేదు. చాలా? నేను చెప్పిందే కదా.”

“తొక్కలేదా...”

“లేదు.”

“ఒక్క క్షణం కూడానా?”

“లేదన్నానా! తృప్తిగా ఉందా ఇప్పుడు? కళ్ళు తుడుచుకో. ఏయ్, మళ్ళీ ఏ వైరు పట్టుకున్నావు?”

“రెండు ముళ్ళది. స్పీకర్లు మిగిలాయి కదా. పాప గొంతు వినబడాలంటే ఇవి కావాలి.”

“తర్వాత పెడుదువులే, ముందు ఇది ఆపనీ—”

“అయిపోయింది.”

“స్పీకర్లు సిద్ధం. తెర మీద ఉన్న వివరాలు. ఆఖరి ప్రయాణం. తాళం రెండు. వేగం నూట నలభై. బ్రేకు తొక్కలేదు.”

“ఎవరది? ఈ అద్దమేనా మాట్లాడింది?”

“అదే. ఉండు, దీని నోరు మూయిస్తాను, ఎక్కడ నొక్కాలో...”

“చెయ్యి తియ్. రెండు అంది.”

“తప్పు చదివింది. కొత్త మిషన్ కదా.”

“మిగతావన్నీ నువ్వు చదివినట్టే చదివింది. ఒక్క తాళం దగ్గరే తప్పు చదివిందా?”

“అయితే నా తాళంతో నువ్వే తోలుంటావు!”

“ఆ రోజు నా తాళం నా జేబులోనే ఉందిరా. ఆసుపత్రిలో నర్సు తీసి నా చేతిలో పెట్టింది. ఆరేళ్ళుగా దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. జేబులో నా తాళం పెట్టుకుని నీ తాళంతో ఎందుకు తోలుతాను? బంకులో నేను దిగాను. నువ్వు స్టీరింగ్ ముందు కూర్చున్నావు. అంతేనా? కొడతానని భయమా? నీ చెంప ఎక్కడుందో కూడా నాకు తెలియదు. మాట్లాడరా.”

“నీ మొహమంతా గాజు ముక్కలన్నయ్యా. నీ కళ్ళు పోయాయని అప్పుడే తెలిసిపోయింది. నాకు అప్పుడప్పుడే ఉద్యోగం వచ్చింది. ఇద్దరం పాడవడం ఎందుకనుకున్నాను. గుడ్డివాణ్ణి జైల్లో పెట్టరు కదా అనుకున్నాను. పెట్టారా? పెట్టలేదు కదా!”

“పెట్టలేదు. మరి నన్ను డ్రైవర్ సీట్లోంచి ఎలా తీశారు?”

“నేనే లాగాను. ఇటు సీట్లోకి.”

“అప్పటికి మీ వదిన పోయిందా?”

“...లేదు. నీళ్ళు అడుగుతోంది.”

“అడుగుతుంటే?”

“ఇద్దామనే అనుకున్నాను. ముందు నిన్ను లాగాలి కదా. ఎవరైనా వచ్చేస్తారని...”

“పాపకి ఫోన్ కలుపు.”

“అన్నయ్యా, రేపు దాని పుట్టినరోజు—”

“ఒట్టేశావు. కలుపు. కలపకపోతే ఈ పెట్టె పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడి అరుస్తాను.”

“నా మాట విను. దానితో మాట్లాడితే నువ్వే బాధపడతావు.”

“ఇంకేం బాధ మిగిలిందిరా నాకు? నా భార్యని నేనే చంపుకున్నానని ఆరేళ్ళు అన్నం కూడా సరిగ్గా తినలేదు. నా కూతురు నన్ను నాన్నా అని పిలవలేదు. అదొక్కటి నాకు వెనక్కి ఇచ్చెయ్. కలుపు!”

“సరే. నీ ఇష్టం. ఇక నన్ననకు.”

“హలో బాబాయ్! స్క్రీన్ పెట్టేశారా? ఫొటో పంపమన్నాను కదా!”

“పాపా, నేనమ్మా. నాన్నని. పెట్టెయ్యకు, పెట్టెయ్యకు. ఒక్క మాట చెబుతాను. బండి తోలింది నేను కాదు తల్లీ. అమ్మ నావల్ల పోలేదు. బాబాయ్ తోలాడు. తోలి నన్ను తన సీట్లోకి లాగాడు. నాకూ ఇప్పుడే తెలిసింది. నా మీద ఇక కోపం అక్కర్లేదమ్మా. విన్నావా? ...పాపా? ఉన్నావా?”

“ఉన్నాను.”

“ఏడవకు తల్లీ. నీ తప్పేం లేదు. నీకు మాత్రం ఎలా తెలుస్తుంది, నిద్రపోతున్నదానివి.”

“నేను నిద్రపోలేదు నాన్నా.”