జశ్వంత్ పెట్టిన సంతకం

మయూర్ విహార్ పాల బూత్ వరుసలో పై ఫ్లాటు ఆవిడ పక్కన నిలబడగానే విష్ణు తల్లికి కడుపు మండింది. ఇద్దరి కొడుకులూ ఒకే ఓడలో ఇంజనీర్లు. విష్ణుని మాత్రం నాలుగు నెలల కిందట ఇంటికి పంపేశారు.

“మా జశ్వంత్‌కి ప్రమోషన్ వచ్చింది వదినగారూ.”

“విన్నాను. కాలనీ అంతా అదే మాట.”

“విష్ణుకి మళ్ళీ పిలుపు రాలేదా?”

“ఎలా వస్తుంది? ఇంజను గదిలోని నూనె నీళ్ళు శుద్ధి చేయకుండానే సముద్రంలోకి వదిలేశారట. శుద్ధి చేశామని పుస్తకంలో సంతకం పెట్టమంటే మావాడు పెట్టనన్నాడు. మీవాడు తెలివైనవాడు, పెట్టాడు.”

“అంత మాట అనకండి.”

“అనక? ఇక వీణ్ణి ఏ ఓడా ఎక్కించుకోదేమో, పిల్లనెవరూ ఇవ్వరేమోనని నాకు ముద్ద దిగడం లేదు. మీకేం, హాయిగా స్వీట్లు పంచుతున్నారు.”

“ఆంటీజీ, ఆగే చలియే,” అన్నారెవరో వెనకనుంచి, ముందుకు జరగమంటూ. ఇద్దరూ కదల్లేదు.

“జశ్వంత్ నిన్న ఫోన్ చేశాడండీ. వచ్చే రేవులో తనిఖీ ఉందట. ‘పుస్తకంలో సంతకం నాదే, జైల్లో పెడతారేమోనమ్మా’ అన్నాడు. విష్ణు ఇంట్లోనే ఉన్నాడా అని రెండుసార్లు అడిగాడు. మిమ్మల్ని చూస్తే నాకెంత కుళ్ళుగా ఉందో మీకు తెలీదు.”

విష్ణు తల్లి ఆమె వైపు తిరిగింది.

“తనిఖీ ఎప్పుడు?”

“గురువారం.”

“అయితే విష్ణు చేత జశ్వంత్‌తో ఇవాళే మాట్లాడిస్తాను. తనిఖీవాళ్ళు అడిగేలోగా మీవాణ్ణే నిజం చెప్పేయమనండి. ఉద్యోగం పోతే పోనీండి, పిల్లాడు అబద్ధం మోయకుండా ఇంటికొస్తే చాలు.”

ఆ మాట తన కొడుకుతో ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ అనలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.