నలుపలకల ఇరుసు

గుండ్రటిదే మాస్టారూ, ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? అమ్మకం ప్రకటన రాసింది నేనేగా. పోయిన మా అన్న లేలండ్ వాడిన మిషను, చెక్క అంచులు చిత్రిక పట్టేది, కత్తులు బిగించిన ఇరుసు గుండ్రటిది. అంత స్పష్టంగా రాస్తే ఇంకా అనుమానమేమిటి?

మిషనుకి కొట్టిన బిళ్ల మీద నంబరు చూశారా? చూశారు. పాత కాలంది, నిజమే. ఆ రోజుల్లో నలుపలకల ఇరుసులే వేసేవారు, అదీ నిజమే. మీరు బళ్లో వడ్రంగం నేర్పుతున్నారు, మీకు నేను చెప్పాలా? వేలు జారితే గుండ్రటిది చివర గిల్లి వదిలేస్తుంది. నలుపలకలది అలా కాదు. పలకకీ పలకకీ మధ్య ఉన్న సందులోకి వేలిని లాక్కుని మరీ తింటుంది.

మా అన్నవి రెండు తింది.

ఆస్పత్రికి నా ట్రక్కులోనే తీసుకెళ్లాను. దారంతా ఏం మాట్లాడాడనుకున్నారు? సీటు పాడవుతోందిరా అని! మా విస్కాన్సిన్ మగాళ్లింతే. తిరిగొచ్చేటప్పుడు చెప్పేశాను: "ఆ ఇరుసు ఉన్నంతకాలం నీ షెడ్డు గడప తొక్కను." మర్నాడో ఆ మర్నాడో ఫోను. "మార్చేశానురా మెర్విన్. గుండ్రటిది. శనివారం రా."

వెళ్లాను. ఇరుసు మీది మూత ఎత్తి చూశానా? అదేం ప్రశ్న! అన్న మార్చానంటే మూత ఎత్తి చూస్తామా? ముఖాన ఉమ్మినట్టు కాదూ?

ప్లగ్గు పీకేశారా? మంచిది. మూత ఎత్తండి, ఎత్తండి. బెల్టు పట్టుకుని చేత్తో తిప్పండి. ఏమిటలా చూస్తారు?

ఏదీ, ఆ లైటు ఇటివ్వండి.

...

ఒక పలక. ఇంకా తిప్పండి. ఇంకోటి. చాల్లెండి, నాలుగోదాకా చూడక్కర్లేదు. నేనూ ఒకప్పుడు కాలేజీలో రేఖాగణితం చదివినవాణ్ణే. మా లెక్కల ప్రొఫెసరు బోర్డు మీద చేత్తోనే సున్నాలు చుట్టేవాడు, ఒక్కటీ వంకర పోయేది కాదు... ఎందుకులెండి ఇప్పుడదంతా. తిరిగేటప్పుడు ఏదైనా గుండ్రంగానే కనబడుతుంది. కత్తులు సానబెట్టడం ఎప్పుడూ వాడి పనే, ఆగి ఉండగా దీన్ని నేను చూసిందే లేదు.

లేదండీ, నాకేం కాలేదు.

వాడు ఆ శనివారం తర్వాత నా చేత మిషనులోకి ఒక్క చెక్కా తోయించలేదు, తెలుసా? "నువ్వు అవతల నిలబడి వచ్చింది పట్టుకో" అనేవాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు! నా చేతుల మీద నమ్మకం లేదనుకున్నాను. మనసులో ఎన్ని తిట్టుకున్నానో. చర్చి విందులో అందరి ముందూ అన్నాను కూడా, మా అన్నకి నేను చెక్కలు మోసే గాడిదనని. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మీ బడి పిల్లలకి ఇది వద్దు మాస్టారూ. మీరు కొంటానన్నా నేను అమ్మను. ఇరుసు మార్చుకుంటారా? మార్చుకుంటామనే అంటారు అందరూ.

అదిగో, మా వదిన ఆర్డిస్ కాఫీ తెస్తోంది. ఆవిడ ముందు ఈ మాట ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది. మొగుడు ఇరుసు నిజంగానే మార్చాడనుకుంటోంది. ఆ మాత్రం మిగలనివ్వండి. ట్రక్కులో పట్టదని చెప్పండి, సరిపోతుంది.

ఏమీ లేదు వదినా. ఊరికే చూస్తున్నారు.

...ఏమన్నావు?

విన్నారా మాస్టారూ? "ఆ నలుపలకల పీడని బళ్లో పిల్లలకి అంటగట్టడం లేదు కదా మెర్విన్?" అంటోంది. ఇంత మామూలుగా! కాఫీలో పంచదార కావాలా అన్నట్టు!

నీకు తెలుసా వదినా? మొదటినుంచీనా? మరి నాకెందుకు చెప్పలేదు?

"చెబితే నువ్వు శనివారాలు రావడం మానేస్తావని ఆయన భయం."

అదీ సంగతి. తీసుకోండి మాస్టారూ, పక్కన రూబార్బ్ కాడలతో చేసిన కేకు ముక్కలు కూడా పెట్టింది.

మా వైపు అన్నదమ్ములు ఊరికే ఎదురెదురుగా కూర్చోరు. చేతిలో ఏదో పనుండాలి. మేం చేసిన స్టూళ్లు ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. అయినా చేస్తూనే ఉన్నాం. నాకసలు చెక్కపని ఇష్టమే లేదు, తెలుసా?

మానేస్తానట! పెళ్లీ పెటాకులూ లేనివాణ్ణి. ఆ రోజేదో కోపంలో గడప తొక్కనన్నాను. అది నమ్మి కూర్చున్నాడు పిచ్చివాడు.

మానేసి ఎక్కడికి పోయేవాణ్ణి?